అట్టముక్కకు పదికి పది!

షికాగో ఓహేర్‌ విమానాశ్రయంలో దిగి, ఊళ్లోకి వెళ్లే బ్లూలైన్‌ రైలెక్కితే మొదట వచ్చే స్టేషనే రోజ్‌మాంట్‌. అక్కడ చూడ్డానికి కొండల్లేవు, కోటల్లేవు. హోటళ్లు, కార్ల పార్కింగులు, తల మీదుగా తెరిపి లేకుండా దిగే విమానాలు... అంతే. అయినా 2021, 2023, 2025 వేసవుల్లో అమెరికా నలుమూలల నుంచీ జనం వేలాదిగా ఆ ఊరికి వచ్చిపడ్డారు. చాలామంది చేతుల్లో అల్యూమినియం పెట్టెలు. నగల పెట్టెను పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని నడిచారు. లోపల ఉన్నవి మాత్రం నగలు కావు. అట్టముక్కలు!

ఆ అట్టముక్కల మీద బేస్‌బాల్‌, బాస్కెట్‌బాల్‌, హాకీ ఆటగాళ్ల బొమ్మలుంటాయి. వాటిని కొనేవాళ్లూ, అమ్మేవాళ్లూ, మార్చుకునేవాళ్లూ ఏడాదికోసారి కలిసే జాతర పేరు నేషనల్‌ స్పోర్ట్స్‌ కలెక్టర్స్‌ కన్వెన్షన్‌. 1980లో లాస్‌ఏంజిలిస్‌లో మొదలైంది. ఏటా ఒకే ఊళ్లో జరగదు. కానీ తిరిగి తిరిగి రోజ్‌మాంట్‌కే వస్తుంటుంది. విమానం దిగితే చాలు, హాలు పక్కనే ఉండటం ఒక కారణం కావచ్చు.

హాల్లోకి అడుగుపెట్టగానే కొత్తవాళ్లకు కళ్లు చెదురుతాయి. వరసలు వరసలుగా బల్లలు. వాటి మీద అద్దాల పెట్టెలు. అద్దాల కింద కార్డులు. మనవణ్ని వెంటబెట్టుకొచ్చిన తాత ఒక బల్ల దగ్గర తన చిన్ననాటి ఆటగాణ్ని వెతుక్కుంటుంటే, పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు సెల్‌ఫోన్‌లో గత వారం వేలం ధరలు చూసుకుంటూ బేరమాడుతుంటారు. కాసేపు గమనిస్తే ఒక విషయం తెలిసొస్తుంది. తాత చూసేది బొమ్మని. కుర్రాళ్లు చూసేది బొమ్మ పైన, ప్లాస్టిక్‌ డబ్బాలో అతికించి ఉన్న చిన్న చీటీని. దాని మీద ఒక అంకె ఉంటుంది. 1 నుంచి 10 లోపు. ఆ ఒక్క అంకే ఆ కార్డు తలరాత.

హాల్లో పెద్ద క్యూలు కనిపించేది కూడా కార్డులమ్మే బల్లల దగ్గర కాదు, ఆ అంకె వేసే కంపెనీల కౌంటర్ల దగ్గరే.

కార్డుకు స్లాబ్‌!

మన దగ్గర స్లాబ్‌ వేయడమంటే ఇంటికి. అక్కడ కార్డుకి వేస్తారు. ఆటగాడి కార్డుని పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్‌ డబ్బాలో పెట్టి సీలు చేస్తారు. ఆ డబ్బానే స్లాబ్‌ అంటారు. పగలగొడితే తప్ప కార్డు బయటికి రాదు.

ఈ పని చేసేవాటిలో పెద్దది పీఎస్‌ఏ. పూర్తిపేరు ప్రొఫెషనల్‌ స్పోర్ట్స్‌ ఆథెంటికేటర్‌. కాలిఫోర్నియాలోని సాంటా అనాలో ఉంది. పాత నాణేలకు గ్రేడు వేసే కంపెనీ పెట్టి విజయం సాధించిన డేవిడ్‌ హాల్‌ బృందమే 1991లో దీన్ని మొదలుపెట్టింది. నాణేలకు పనికొచ్చిన సూత్రం కార్డులకెందుకు పనికిరాదన్నది వాళ్ల ఆలోచన. తర్వాత ఎస్‌జీసీ, బెకెట్‌ లాంటివి రంగంలోకి వచ్చాయి.

అంతకుముందు ఎలా ఉండేదంటే... అమ్మేవాడు ‘కొత్తదానిలా ఉంది’ అనేవాడు. కొనేవాడు ‘మూల అరిగింది కదా’ అనేవాడు. ఎదురెదురుగా ఉంటే సరే, వెయ్యి మైళ్ల అవతల ఉన్నవాడు టెలిఫోన్‌లో కొనాలంటే ఎవర్ని నమ్మాలి? పైగా నకిలీలు. బంగారం కొనేటప్పుడు 916 ముద్ర చూసుకుని మనం స్థిమితపడినట్టే, స్లాబ్‌ చూసి వాళ్లు స్థిమితపడ్డారు. ఇంటర్నెట్‌లో వేలంపాటలు వచ్చాక ఆ ముద్ర లేనిదే పెద్ద ధర పలకని పరిస్థితి వచ్చింది.

పరీక్ష ఎలా చేస్తారు? కార్డు అసలుదా, నకిలీదా అన్నది ముందు తేలాలి. తర్వాత కొలతలు. ఆనాటి సైజు కన్నా వెంట్రుకవాసి తగ్గినా అనుమానమే, ఎవరైనా అరిగిన అంచుల్ని కోసేసి కొత్తగా కనిపించేలా చేశారేమోనని! ఆపైన ప్రకాశవంతమైన దీపం కింద భూతద్దం పెట్టి నాలుగు మూలలూ, నాలుగు అంచులూ, ముందూ వెనకా చూస్తారు. గీతలున్నాయా, మడతలున్నాయా, రంగు వెలిసిందా... ఇవి చాలక ఇంకొకటి ఉంది. బొమ్మ సరిగ్గా మధ్యలో పడిందా లేదా అని. బొమ్మకు రెండు పక్కలా ఉన్న తెల్ల అంచుల తేడా 60:40 దాటితే పీఎస్‌ఏ దగ్గర 9 రాదు. 65:35 దాటితే 8 కూడా రాదు. ఎప్పుడో డెబ్భై ఏళ్ల కిందట అచ్చాఫీసులో కాగితం కాస్త పక్కకి జరిగిన పాపానికి, ఆ తర్వాత ఎవరెంత పదిలంగా దాచినా పదికి పది రాదన్నమాట. దాచినవాడి తప్పేముంది?

ఇంకో మాట. కంపెనీ తాను ఇప్పటిదాకా ఏ కార్డుకి ఏ మార్కు ఎన్నిసార్లు వేసిందో లెక్క బయటపెడుతుంది. దాన్ని జనాభా పట్టిక అనుకోవచ్చు. ధరల్ని ఆకాశానికెత్తింది మార్కు ఒక్కటే కాదు, ఈ పట్టిక కూడా. ‘9 వచ్చినవి ప్రపంచంలో ఆరే’ అని అందరికీ తెలిసిపోతే ఏడోవాడు ఊరుకుంటాడా!

సముద్రంలో పారేసిన సొమ్ము

ఆ ఆరు లెక్క నిజంగానే ఉంది. న్యూయార్క్‌ బ్రూక్లిన్‌లో టాప్స్‌ అనే బబుల్‌గమ్‌ కంపెనీ ఉండేది. 1952లో గమ్‌ ప్యాకెట్లలో పెట్టడానికి బేస్‌బాల్‌ కార్డులు వేసింది. ఆఖరి విడత కార్డులు వచ్చేసరికి సీజన్‌ అయిపోవచ్చింది. పిల్లల దృష్టి ఫుట్‌బాల్‌ మీదికి మళ్లింది. సరుకు మిగిలిపోయింది. ఆ కార్డులకు రూపకల్పన చేసిన సై బెర్గర్‌ వాటిని తిరునాళ్లలో ఆటల దుకాణాలవాళ్లకు కారుచౌకగా అంటగట్టాలని చూశాడు. కుదర్లేదు. గోడౌన్లో చోటు కావాలి. 1960లో వందల పెట్టెల్ని పడవకెక్కించి, న్యూజెర్సీ తీరం దాటాక అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఈ సంగతి తర్వాత ఆయనే చెప్పాడు.

ఆ విడతలోనే 311వ నంబరు కార్డు ఉంది. దాని మీద న్యూయార్క్‌ యాంకీస్‌ ఆటగాడు మికీ మాంటిల్‌ బొమ్మ. మాంటిల్‌ మొదటి కార్డు ఇది కాదు. అంతకు ముందేడాది వేరే కంపెనీ ఒకటి వేసింది. అయినా మోజంతా దీని మీదే. అలాగని ఇది దొరకని కార్డూ కాదు. పీఎస్‌ఏ ఒక్కటే వెయ్యికి పైగా మాంటిల్‌ కార్డులకు మార్కులు వేసింది. అందులో 9 వచ్చినవి ఆరు. 10 వచ్చినవి మూడు. చివరి మెట్ల దగ్గరే ఇరుకంతా.

9 మార్కుల మాంటిల్‌ కార్డొకటి 2018లో 28 లక్షల 80 వేల డాలర్లకు పోయింది. 2021 జనవరిలో 9 మార్కులదే మరొకటి 52 లక్షల డాలర్లు పలికింది. 2022 ఆగస్టులో ఎస్‌జీసీ 9.5 వేసిన కార్డు హెరిటేజ్‌ సంస్థ వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అప్పటి మారకం లెక్కన దాదాపు రూ.100 కోట్లు! అప్పటికి ప్రపంచంలో ఏ క్రీడావస్తువుకీ అంత ధర రాలేదు. అమ్మినాయన దాన్ని 1991లో 50 వేల డాలర్లకు కొన్నాడు. అదే బొమ్మ, అదే సంవత్సరం, అదే అచ్చాఫీసు... మూలలు అరిగి 1 మార్కు తెచ్చుకున్న కార్డు మాత్రం పదుల వేల డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. (52 లక్షలకీ, కోటీ 26 లక్షలకీ మధ్య తేడా అంతా ఆ అర మార్కుదేనని అనలేం. కంపెనీలు వేరు. మధ్యలో ఏడాదిన్నర గడిచింది. కానీ అర మార్కు లేకపోతే ఆ పాట అక్కడిదాకా పోయేది కాదన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే.)

ఇంకా విచిత్రం కెనడా కార్డుది. హాకీ వీరుడు వేన్‌ గ్రెట్‌స్కీ తొలి కార్డుని 1979లో ఓ-పీ-చీ కంపెనీ వేసింది. అప్పట్లో వాళ్లు అట్టల్ని తీగతో కోసేవారు. అంచులు పీచుపీచుగా వచ్చేవి. దానికితోడు నీలిరంగు అంచు. ఏ మాత్రం రంగు ఊడినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే పీఎస్‌ఏ 10 వచ్చినవి రెండంటే రెండే. అందులో ఒకటి 2016లో 4.65 లక్షల డాలర్లకు, 2021లో పదికి పదిదే 37.5 లక్షల డాలర్లకు చేతులు మారాయి. 9 మార్కులవి పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటి ధర ఇందులో పదో వంతు కూడా లేదు. 9కీ 10కీ తేడా మామూలు కళ్లకి కనిపిస్తుందా అంటే... భూతద్దం లేకుండా కష్టమే.

అటక మీద బొమ్మరిల్లు కింద

రోజ్‌మాంట్‌ నుంచి తూర్పుగా కారులో నాలుగు గంటలు పోతే ఒహాయో రాష్ట్రంలో డిఫయన్స్‌ అనే ఊరొస్తుంది. మామీ, ఆగ్లేజ్‌ నదులు కలిసే చోట ఉన్న ప్రశాంతమైన పట్టణం. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా చిత్తడి అడవి. నల్ల చిత్తడి అనే పేరుండేది. 2012 దాకా ఈ ఊరి పేరు కార్డుల లోకంలో ఎవరికీ తెలీదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక కుటుంబం తాతగారి ఇల్లు ఖాళీ చేస్తోంది. తాతకి ఊళ్లో మాంసం దుకాణం ఉండేది. 1940ల్లోనే చనిపోయాడు. ఆ తర్వాత ఆయన కూతురు ఆ ఇంట్లోనే ఉండి, ఆమె కూడా పోయింది. ఇంట్లో ఏదీ పారేసే అలవాటు లేదు. అటక మీద చెక్క బొమ్మరిల్లు ఒకటి. దాని కింద మసిపట్టిన అట్టపెట్టె. తెరిస్తే పురికొసతో కట్టలు కట్టిన దాదాపు 700 బేస్‌బాల్‌ కార్డులు! 1910 ప్రాంతంలో మిఠాయిలతోపాటు పంచినవి. టై కాబ్‌, సై యంగ్‌, హోనస్‌ వాగ్నర్‌... బేస్‌బాల్‌ చరిత్రలో దేవుళ్లనదగ్గ పేర్లు. దుకాణానికొచ్చే పిల్లలకు పంచగా మిగిలినవాటిని తాత పైన పడేసి ఉంటాడని ఇంటివాళ్ల ఊహ.

వాళ్లకు మొదట పెద్ద ఆశలేమీ లేవు. కొన్ని కార్డుల్ని వేలం సంస్థకు పంపారు. అక్కణ్నుంచి పీఎస్‌ఏకి వెళ్లాయి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ వరసలో టై కాబ్‌ కార్డుకి అప్పటిదాకా వచ్చిన అత్యధిక మార్కు 7. డిఫయన్స్‌ అటక మీంచి దిగిన టై కాబ్‌లలో పదహారింటికి 9 వచ్చింది! వాగ్నర్‌ ఒకటి పదికి పది తెచ్చుకుంది. వందేళ్లపాటు వెలుతురు తగలకుండా, పిల్లల చేతుల్లో నలగకుండా పడి ఉండటమే వాటి అదృష్టం. అదే ఏడాది ఆగస్టులో బాల్టిమోర్‌లో మొదటి విడతగా 37 కార్డులు వేలం వేస్తే 5.66 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటి లెక్కన మూడు కోట్ల రూపాయల పైమాటే. మొత్తం కార్డుల్ని ఇరవై మంది అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు సమానంగా పంచుకున్నారు. అటక మీది పెట్టె కోసం కోర్టుకెక్కకుండా పంచుకోవడం ఈ కథలో అన్నిటికన్నా అపురూపమైన విషయమని అనేవాళ్లూ ఉన్నారు.

అమెరికాలో ఏ పెద్దాయన్ని కదిపినా వినిపించేది మాత్రం దీనికి తిరగేసిన కథే. ‘నా దగ్గరా ఉండేవి, మా అమ్మ పారేసింది’ అని. మన ఇళ్లల్లో మాత్రం? అగ్గిపెట్టె బొమ్మలు, బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల బొమ్మలు, కుస్తీ వస్తాదుల ట్రంప్‌ కార్డులు... అన్నీ పాత పేపర్లతోపాటే తూకానికి వెళ్లిపోలేదూ. అక్కడి అమ్మలు పారేయబట్టే మిగిలినవాటికి అంత గిరాకీ వచ్చింది. నిజానికి మార్కుల ఖరీదంతా అమ్మల చలవే.

పిట్స్‌బర్గ్‌ పెద్దమనిషి

డిఫయన్స్‌ నుంచి ఇంకా తూర్పుకి వెళ్తే పిట్స్‌బర్గ్‌. తెలుగువాళ్లకి ఈ ఊరు కొత్త కాదు. 1970ల్లో పెన్‌హిల్స్‌లో కట్టిన వేంకటేశ్వరస్వామి ఆలయం కోసం దూరాల నుంచి వస్తారు. స్వామి దర్శనం చేసుకుని ఊళ్లోకి దిగి, అలెగెనీ నది ఒడ్డున పీఎన్‌సీ పార్క్‌ స్టేడియం దగ్గర ఆగితే, గుమ్మం ముందు బ్యాటు ఊపి నిలబడ్డ కంచు విగ్రహం కనిపిస్తుంది. హోనస్‌ వాగ్నర్‌ అంటే ఆయనే.

గని కార్మికుడి కొడుకు. పన్నెండేళ్లకే తనూ బొగ్గు గనిలో దిగాడు. తర్వాత పిట్స్‌బర్గ్‌ పైరేట్స్‌ జట్టులో చేరి, 1909లో వరల్డ్‌ సిరీస్‌ గెలిపించినవాళ్లలో ఒకడయ్యాడు. 1936లో బేస్‌బాల్‌ హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌కి మొట్టమొదట ఎంపికైన ఐదుగురిలో ఆయనుంది.

1909 - 11 మధ్య అమెరికన్‌ టొబాకో కంపెనీ సిగరెట్‌ పెట్టెల్లో ఆటగాళ్ల కార్డులు పెట్టింది. అంగుళంన్నర వెడల్పు కూడా ఉండవు. వాగ్నర్‌ కార్డు మాత్రం కొద్దిగా అచ్చయ్యి ఆగిపోయింది. తన బొమ్మ కోసం పిల్లలు సిగరెట్లు కొనడం ఆయనకి ఇష్టం లేదని ఒక కథ. డబ్బివ్వకుండా బొమ్మ వేశారని కోపమొచ్చిందని ఇంకో కథ. ఆయన పొగాకు నమిలేవాడు కాబట్టి రెండోదే నిజమని వాదించేవాళ్లున్నారు. కారణమేదైనా, మిగిలినవి దాదాపు యాభై అరవై. కార్డుల లోకంలో దీన్ని మించిన పేరు ఇంకోదానికి లేదు.

పీఎస్‌ఏ పెట్టగానే మొట్టమొదట మార్కు వేసింది కూడా ఒక వాగ్నర్‌ కార్డుకే. ఆ కార్డు ప్రయాణం మొదలైంది న్యూయార్క్‌ పక్కన లాంగ్‌ఐలాండ్‌లో.

ఒకటో నంబరు కార్డు

లాంగ్‌ఐలాండ్‌లో హిక్స్‌విల్‌ అనే ఊళ్లో చిన్న కార్డుల దుకాణం. 1985లో బిల్‌ మాస్ట్రో అనే వ్యాపారి అక్కడ 25 వేల డాలర్లిచ్చి ఒక వాగ్నర్‌ని కొన్నాడు. రెండేళ్ల తర్వాత దాన్ని లక్షా పది వేల డాలర్లకు అమ్మాడు. 1991 మార్చిలో అది న్యూయార్క్‌లోనే సోత్‌బీస్‌ వేలానికి వచ్చింది. 4.51 లక్షల డాలర్లకు కొన్నది ఎవరనుకున్నారు? బ్రూస్‌ మెక్‌నాల్‌ అనే వ్యాపారితో కలిసి... పైన చెప్పుకున్న హాకీ వీరుడు గ్రెట్‌స్కీ! అప్పటినుంచీ ఆ కార్డుకి గ్రెట్‌స్కీ వాగ్నర్‌ అని పేరు.

కొత్తగా పుట్టిన పీఎస్‌ఏ దానికి 8 వేసింది. ఎనభై ఏళ్ల నాటి సిగరెట్‌ కార్డుకి ఎనిమిదా! మిగతా వాగ్నర్‌లలో చాలావరకు ఒకటీ రెండూ మూడు దగ్గర కొట్టుమిట్టాడుతుంటే ఇదొక్కటే కత్తిలాంటి మూలలతో మెరిసిపోతోంది. కార్డుకి కంపెనీ వల్ల విలువ పెరిగింది. కంపెనీకి కార్డు వల్ల పేరొచ్చింది. ఆ తర్వాత అది వాల్‌మార్ట్‌ దుకాణాల ప్రచార పోటీలో బహుమతి అయింది. 1996లో ఫ్లారిడాలో తపాలా శాఖ ఉద్యోగిని ఒకామె గెలుచుకుంది. సంతోషం ఎంతోసేపు నిలవలేదు. బహుమతి మీద కట్టాల్సిన పన్ను ఆమె తాహతుకి మించింది. చేసేది లేక వేలానికిచ్చింది. 6.41 లక్షల డాలర్లు పలికింది. 2000లో 12.65 లక్షలు. 2007లో 28 లక్షల డాలర్లకు అరిజోనా బేస్‌బాల్‌ జట్టు యజమాని కెన్‌ కెండ్రిక్‌ దగ్గరికి చేరింది.

అంత అందంగా ఎలా ఉందన్న గుసగుసలు మొదటినుంచీ ఉన్నాయి. జవాబు దొరికింది రోజ్‌మాంట్‌ నుంచి అదే బ్లూలైన్‌ రైల్లో ముప్పావుగంట దూరంలో, షికాగో ఫెడరల్‌ కోర్టులో. మాస్ట్రో అప్పటికి పెద్ద వేలం సంస్థ నడిపి ఉన్నాడు. పాటలో దొంగ పాటదారుల్ని నిలబెట్టి ధరలు పెంచాడన్న కేసులో 2013 అక్టోబరులో నేరం ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు పత్రంలో ఇంకో మాటా ఉంది. వాగ్నర్‌ కార్డు అంచుల్ని తానే కోశానని! 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది.

కొలతలు చూసి, అంచులు చూసి మార్కు వేస్తామని చెప్పే కంపెనీ... మొదటి కార్డే కోసిన కార్డు. 8 అంకెని నమ్మి ఇరవై రెండేళ్లపాటు ఎంతమంది ఎన్ని లక్షలు పెట్టారో పైన చూశాం కదా.

పరీక్ష పెట్టేవారికి పరీక్ష

ఈ ఒక్క కార్డుని పట్టుకుని గ్రేడింగంతా మోసమంటే తప్పవుతుంది. స్లాబులు రాకముందు నకిలీల బెడద ఇంకా ఎక్కువ. లక్షల కార్డుల్ని పరీక్షించిన కంపెనీలు వెనక్కి పంపిన నకిలీలకూ, కోసిన కార్డులకూ లెక్కలేదు. కానీ కొన్ని ప్రశ్నలు మిగిలే ఉన్నాయి.

ఒకటి... మార్కు వేసేది మనిషి కన్ను. ఒకే కార్డుని రెండోసారి పంపితే ఇంకో మార్కు రావచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు 8 వచ్చిన డబ్బాని పగలగొట్టి, కార్డుని మళ్లీ పంపుతారు, 9 వస్తుందేమోనని. వస్తే పంట పండినట్టే. కొందరైతే ఒకే కార్డుని నాలుగైదుసార్లు పంపుతారు. రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టే ఇంటర్‌ పిల్లల్లా! పాత చీటీలు తిరిగి పంపకపోతే జనాభా పట్టికలో ఒకే కార్డు రెండు మూడుసార్లు లెక్కకొస్తుంది.

రెండు... ఫీజు. కార్డు విలువ పెరిగేకొద్దీ గ్రేడింగ్‌ ఫీజూ పెరుగుతుంది. ఎక్కువ మార్కు వచ్చి విలువ పై మెట్టుకి చేరితే అదనంగా కట్టించుకుంటారు. పరీక్ష పెట్టేవారి రాబడి మార్కులతోపాటు పెరిగే ఏర్పాటు ఏ బడిలోనైనా ఉంటే తల్లిదండ్రులు ఊరుకుంటారా?

మూడోది 2019లో బయటపడింది. కొందరు ఔత్సాహికులు రాత్రుళ్లు కూర్చుని పాత వేలం ఫొటోల్నీ కొత్త వేలం ఫొటోల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అట్ట మీద పుట్టుమచ్చల్లాంటి అచ్చు చుక్కలు ఉంటాయి కదా, వాటిని పట్టుకుని పోల్చారు. ఒకప్పుడు తక్కువ మార్కుతో అమ్ముడైన కార్డే కొన్నాళ్లకు అంచులు సన్నబడి, మరకలు పోయి, కొత్త డబ్బాలో ఎక్కువ మార్కుతో తిరిగొచ్చిన ఉదాహరణలు వందల్లో కనిపించాయి. భూతద్దాలకు దొరకనివి ఇంట్లో కంప్యూటర్‌ ముందు కూర్చున్నవాళ్లకు దొరికాయి.

అయినా మోజు తగ్గిందా అంటే, కరోనా కాలంలో రెట్టింపైంది. ఇళ్లల్లో కూర్చున్నవాళ్లంతా అటకలు దులిపారు. మైకేల్‌ జోర్డాన్‌ 1986 నాటి ఫ్లీర్‌ కార్డు పదికి పది వచ్చినవి మూడొందలకు పైగా ఉన్నాయి. అరుదైనదేమీ కాదు. అలాంటిది 2021 జనవరిలో 7.38 లక్షల డాలర్లు పలికింది. కొద్ది నెలల్లోనే సగానికి పైగా పడిపోయింది. పైన కొన్నవాళ్ల గతి చెప్పనక్కర్లేదు. పీఎస్‌ఏకి కార్డులు వరదలా వచ్చిపడి, 2021 మార్చి చివర్లో చాలా రకాల సేవలు ఆపేయాల్సి వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే దాని మాతృసంస్థను కొందరు పెట్టుబడిదారులు సుమారు 85 కోట్ల డాలర్లకు కొన్నారు. 2024లో అదే సంస్థ ఎస్‌జీసీని కూడా కొనేసింది. ఒకరి మార్కు నచ్చకపోతే రెండోవారి దగ్గరికి వెళ్దామనుకునే కలెక్టర్లకు ఇప్పుడు ఆ రెండు కౌంటర్ల వెనకా ఒకే యజమాని.

మార్కు లేని వాగ్నర్‌

న్యూయార్క్‌ వెళ్లినవాళ్లు మెట్రోపాలిటన్‌ మ్యూజియం చూడకుండా రారు. ఈజిప్టు మమ్మీలూ, యూరప్‌ చిత్రాలూ చూసేసరికే కాళ్లు లాగేస్తాయి. ఓపికుంటే అమెరికన్‌ వింగ్‌ దాకా వెళ్లాలి. మాంటిల్‌కీ, గ్రెట్‌స్కీకీ పట్టిన డబ్బాలు ఇక్కడ కనిపించవు. అద్దాల వెనక ఉత్త కార్డులే ఉంటాయి.

అవి జెఫర్సన్‌ బర్డిక్‌వి. న్యూయార్క్‌ రాష్ట్రంలోనే సిరక్యూస్‌లో ఎలక్ట్రికల్‌ సామగ్రి తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. జీతం డబ్బుల్తో జీవితమంతా కార్డులు పోగేశాడు. బేస్‌బాల్‌వే కాదు, పువ్వులవీ, నటీమణులవీ, పోస్టుకార్డులూ అన్నీ కలిపి మూడు లక్షలకు పైగా. అందులో బేస్‌బాల్‌వి 30 వేల పైన. ఆయనెప్పుడూ బేస్‌బాల్‌ మ్యాచ్‌ చూడ్డానికి వెళ్లలేదంటారు! ఏ కార్డు ఏ వరసలోదో గుర్తుపట్టడానికి నంబర్లు పెట్టి కేటలాగు రాసింది ఆయనే. వాగ్నర్‌ ఉన్న సిగరెట్‌ కార్డుల వరసకి టీ206 అని పెట్టాడు. ఇవాళ కోట్ల వేలంపాటల్లో కార్డు పేరుకి ముందు చదివేది ఆ నంబరునే.

1947 నుంచి తన సేకరణని మ్యూజియానికి ఇస్తూ వచ్చాడు. చివరి ఏళ్లలో న్యూయార్క్‌కే మారి, మ్యూజియంలో ఒక బల్ల దగ్గర కూర్చుని, ఆ వంకర వేళ్లతోనే ఆల్బమ్‌లలో ఒక్కో కార్డూ జిగురు పెట్టి అంటించాడు. వాగ్నర్‌నీ అలాగే. ఇప్పటి గ్రేడింగ్‌ కంపెనీవాళ్లు వింటే గుండె పట్టుకుంటారు. వెనక జిగురు మరక ఉంటే మార్కులు తెగ్గోస్తారు మరి. 1963 జనవరిలో ఆఖరి ఆల్బమ్‌ పూర్తయింది. ఇక తిరిగి రానని చెప్పి, కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. మార్చిలో కన్నుమూశాడు.

ఆ కార్డులన్నీ ఒకేసారి ప్రదర్శనకు పెట్టరు. వెలుతురుకి రంగు వెలుస్తుందని కొన్ని నెలలకోసారి మారుస్తుంటారు. కాబట్టి వెళ్లిన రోజున అద్దం వెనక వాగ్నర్‌ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే మాత్రం, ఛాతీ మీద ఊరి పేరుతో, నారింజరంగు నేపథ్యంలో, నడిమికి పాపిడి తీసి పక్కకి చూస్తూ కనిపిస్తాడు. ఎన్ని మార్కులొచ్చాయో ఎక్కడా రాసి ఉండదు.